జయప్రకాశ్ రెడ్డి గొంతుకు తెర ఇవ్వని పాత్రలు

తెరమీద సీమ మాట వినపడగానే తిరుపతి థియేటర్లలో జనం రెండు రకాలుగా స్పందిస్తారు. ఎవరి తలో తెగుతుందని ఊపిరి బిగపడతారు, లేదంటే నవ్వడానికి సిద్ధపడతారు. ఆ మాట మాట్లాడే మనిషికి కూతురి ఫీజు దిగులు ఉంటుందని, బోరులో నీళ్లు అడుగంటితే నిద్ర పట్టదని, పెళ్లాంతో చిన్న విషయానికి మాట పట్టింపు వస్తుందని ఎవరూ ఎదురుచూడరు. సినిమా మనకు అలా అలవాటు చేయలేదు. ఈ రెండు స్పందనలనూ ఒక్క గొంతుతో ఇరవై ఏళ్లకు పైగా రాబట్టిన నటుడు జయప్రకాశ్ రెడ్డి. 2020 సెప్టెంబరులో ఆయన గుంటూరులో కన్నుమూసినప్పుడు సంతాపాలన్నీ విలన్ అని, కమెడియన్ అని ఆ రెండు మాటల చుట్టూనే తిరిగాయి. రెండూ నిజమే. కానీ ఆ రెండింటి మధ్య ఆయన చేయగలిగిందీ, ఎవరూ ఆయనతో చేయించనిదీ చాలా ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

పుట్టింది కర్నూలు జిల్లా సిరివెళ్లలో. బతుకు గడిచింది మాత్రం ఎక్కువగా కోస్తాలో. గుంటూరులో పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారు. నాటకాలు వేస్తూ వేస్తూ 1988లో దాసరి నారాయణరావు తీసిన ‘బ్రహ్మపుత్రుడు’తో సినిమాల్లోకి వచ్చారు. ఆ తర్వాత దాదాపు తొమ్మిదేళ్ల పాటు ఆయన పేరు ఎవరికీ పెద్దగా పట్టలేదు, మధ్యలో తిరిగి బడికి వెళ్లి పాఠాలు చెప్పుకున్నారు కూడా. 1997లో ‘ప్రేమించుకుందాం రా’ వచ్చింది, అందులోని వీరభద్రయ్యతో అంతా మారిపోయింది. 1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’ వచ్చేసరికి ఆయన లేకుండా ఫ్యాక్షన్ సినిమా ఊహించడం కష్టమైంది.

వీరభద్రయ్య ఎందుకు భయపెట్టాడో ఆ సినిమా మళ్లీ చూస్తే తెలుస్తుంది. అప్పటిదాకా మన విలన్లలో ఎక్కువమంది అరిచేవాళ్లు. నవ్వితే అట్టహాసం, కోపం వస్తే గొంతు చించుకోవడం. ఈయన తొందరపడడు. మాటను సాగదీసి, చివర కాస్త దించి, ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ ఆగుతాడు. ఆ ఆగడంలోనే బెదిరింపు ఉంటుంది. మాట వెనక ఊరు ఉంది, ఊరి వెనక మనుషులు ఉన్నారు, వాళ్లు తన మాట వింటారు అన్న ధీమా ఆ నెమ్మదిలో కనపడుతుంది. మా చిత్తూరు వైపు పంచాయితీల్లో నిజంగా పలుకుబడి ఉన్న పెద్దమనిషిని చూసినవాళ్లకు ఇది కొత్తకాదు. ఆయన గొంతు పెంచడు, మిగతావాళ్లే దించుకుంటారు. జయప్రకాశ్ రెడ్డి పట్టుకొచ్చింది ఆ స్వభావాన్ని. యాస దాని వెంట వచ్చింది.

తర్వాత వచ్చిన అనుకరణలు యాసను తీసుకున్నాయి, స్వభావాన్ని వదిలేశాయి. అందుకే ఆ పదేళ్ల ఫ్యాక్షన్ సినిమాల్లో పదుల కొద్దీ తెల్లచొక్కాల విలన్లు వచ్చినా మనకు గుర్తున్నవాళ్లు తక్కువ.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. ఫ్యాక్షన్ సినిమాల వేడి తగ్గాక అదే మనిషి, అదే మీసం, అదే గొంతు నవ్వులకు పనికొచ్చాయి. 2005లో ఇ.వి.వి. సత్యనారాయణ ‘ఎవడి గోల వాడిది’లో బండ్రెడ్డిగా ఆయన కనపడితే థియేటర్లు పగలబడి నవ్వాయి. కమెడియన్‌గా ఆయన కొత్తగా ఏమీ నేర్చుకోలేదన్నది నా అభిప్రాయం. వీరభద్రయ్య ఎంత గంభీరంగా మాట్లాడతాడో బండ్రెడ్డి కూడా అంతే గంభీరంగా మాట్లాడతాడు, చుట్టూ ఉన్న పరిస్థితి ఒక్కటే మారింది. తను హాస్యం చేస్తున్నానని ఆ ముఖంలో ఎక్కడా తెలియదు. నవ్వించడానికి ముఖం వంకర్లు తిప్పే పద్ధతి రాజ్యమేలుతున్న రోజుల్లో ఇంత నిగ్రహం అరుదు. చివరి దశలో, 2020 సంక్రాంతికి వచ్చిన ‘సరిలేరు నీకెవ్వరు’లో ప్రకాశ్ రాజ్ తండ్రిగా కనపడిన కాసేపట్లో కూడా ఆ నిగ్రహం చెక్కుచెదరలేదు.

ఒకే నటన భయాన్నీ నవ్వునూ పుట్టించగలిగిందంటే ఆ రెండింటికీ మూలమైన మనిషి ఒకడు అక్కడ పూర్తిగా తయారై ఉన్నాడన్నమాట. ఆ మనిషిని సినిమా చూడలేదు. నాటకం చూసింది.

‘అలెగ్జాండర్’ అనే నాటకాన్ని ఆయన ఒక్కరే వేసేవారు. గంటన్నరకు పైగా వేదికమీద ఇంకో పాత్ర ఉండదు. హీరో ఉండడు, నేపథ్య సంగీతంతో దడ పుట్టించే కెమెరా ఉండదు. కోపం, జాలి, వెటకారం, అలసట అన్నీ ఒకే శరీరం లోంచి రావాలి, ఎదుట ఎవరూ లేకుండా ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నమ్మించాలి. సినిమాల్లో తీరిక లేనంత పేరు వచ్చాక కూడా ఆయన ఆ నాటకాన్ని వదల్లేదు. తర్వాత దాన్ని సినిమాగా కూడా తెచ్చారు. డబ్బు కోసం ఎవరూ చేయని పని అది. తనలో ఇంకేదో ఉందని ఆయనకు తెలుసు, దాన్ని బయటపెట్టే చోటు తనే ఏర్పాటు చేసుకున్నారు.

ఒంటరిగా నిలబడి జనాన్ని పట్టి ఉంచడం ఈ మధ్య స్టాండప్ కామెడీతో మనకు వచ్చిందని పట్నాల్లో అనుకుంటారు. చిత్తూరు జిల్లా పల్లెల్లో పెరిగినవాళ్లు అలా అనుకోలేరు. మా వైపు ధర్మరాజుల గుడి దగ్గర మహాభారత ఉత్సవాలు మొదలైతే మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. హరికథ చెప్పే భాగవతారు ఒక్కరే. ఎండ వేళ, తిండి తిని వచ్చి కునికిపాట్లు పడుతున్న జనం, ఏడుస్తున్న పిల్లలు, పక్కనే బొరుగులు, మిఠాయిల అంగళ్లు. ఆ గొడవలో ద్రౌపది దుఃఖం చెప్పాలి, జనం జారిపోతున్నారు అనిపించగానే ఊళ్లో మనిషి మీద విసురుగా ఒక పిట్టకథ వేసి నవ్వించాలి, ఆ నవ్వు ఆగకముందే మళ్లీ కురుసభలోకి లాక్కుపోవాలి. ఒకే గొంతు దుర్యోధనుడు, అదే గొంతు కుంతి, అదే గొంతు ఎదురింటి పిసినారి. అటు తిరుపతిలో గంగమ్మ జాతర వస్తే బండ వేషం కట్టినవాడికి ఎవరినైనా తిట్టే హక్కు ఉంటుంది. ఎదుటివాడు నొచ్చుకోకుండా నవ్వేలా తిట్టడం ఒక విద్య. ఆ వారం రోజుల్లో బైరాగి, తోటి, దొర, మాతంగి వేషాలు ఒకదాని తర్వాత ఒకటి వీధుల్లోకి వస్తాయి. ఆడామగా, చిన్నా పెద్దా తేడా లేకుండా ఊరంతా వేషం గురించి మాట్లాడే చోట నటన అంటే ఏమిటో ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.

ఇంకో వేదిక కూడా ఉంది, దాన్ని మనం లెక్కలోకి తీసుకోం. తరగతి గది. జయప్రకాశ్ రెడ్డి లెక్కల మాస్టారు, బ్రహ్మానందం తెలుగు లెక్చరర్, ఎం.ఎస్. నారాయణ కూడా తెలుగు లెక్చరరే. మధ్యాహ్నం భోజనం తర్వాతి పీరియడ్‌లో అరవై మంది పిల్లల్ని కూర్చోబెట్టగలిగినవాడికి విరామం ఎంతసేపు ఉంచాలో, ఏ మాట దగ్గర గొంతు దించాలో తెలిసిపోతుంది. ఈ ముగ్గురి మాట తీరులోనూ ఆ శిక్షణ కనపడుతుంది. ముగ్గురూ తెరమీద ఎప్పుడూ ఎవరికో ఏదో వివరిస్తున్నట్టే ఉంటారు.

ఇంత తయారై వచ్చిన నటుడికి సినిమా ఇచ్చేది ఎంత? రెండు నిమిషాల సీను. అందులో సగం హీరో ముఖం మీదికి వెళ్లే కట్. ఒంటరిగా గంట నిలబడగల నటుడి బలం మాట కన్నా మాటకూ మాటకూ మధ్య ఉండే నిశ్శబ్దంలో ఉంటుంది. మన ఎడిటింగ్ మొదట కత్తిరించేది దాన్నే. బ్రహ్మానందం విషయంలో ఈ సంగతి అందరికీ కళ్లెదుటే రుజువైంది. 1987లో ‘అహ నా పెళ్లంట’తో గుర్తింపు వచ్చిన నటుడిలో గుండె పిండేసే శక్తి కూడా ఉందని 2023లో కృష్ణవంశీ ‘రంగమార్తాండ’ తీసేదాకా చాలామంది గమనించలేదు. ఆ సినిమాలో ఆసుపత్రి మంచం మీద ఆయన మాట్లాడుతుంటే కెమెరా ఆయన మీదే ఆగింది, అంతే. ముప్పైఆరేళ్లు ఆగాల్సి వచ్చింది ఆ ఒక్క ఆగడం కోసం. జయప్రకాశ్ రెడ్డికి అది కూడా దక్కలేదు.

ఇందులో నటుడి నష్టం ఒకటైతే, ప్రాంతానికి జరిగిన నష్టం ఇంకొకటి. ఫ్యాక్షన్ చరిత్ర పాత నాలుగు సీమ జిల్లాల్లో ఒకేలా లేదు. చిత్తూరు జిల్లా కథే వేరు. పాడి, మామిడి, చెరకు, కొండకు వచ్చే యాత్రికులు, పక్కనే తమిళనాడు, కర్ణాటక. మాట కూడా వేరు. నగరి, సత్యవేడు వైపు తెలుగులో తమిళం కలుస్తుంది, పుంగనూరు, పలమనేరు వైపు కన్నడం తగులుతుంది, కుప్పంలో మూడూ ఒకే బజారులో వినపడతాయి. కర్నూలు మాట సాగితే మా మాట పరుగెత్తుతుంది. సినిమాకు ఈ తేడాలేవీ పట్టలేదు, అందరికీ ఒకే మీసం, ఒకే సుమో. చదువులకు హైదరాబాద్ వెళ్లిన చిత్తూరు పిల్లలను హాస్టల్లో తోటివాళ్లు ఒక ఫ్యాక్షన్ డైలాగు చెప్పమని అడగడం ఒక తరం మొత్తానికి తెలిసిన అనుభవం.

2021 డిసెంబరులో ‘పుష్ప’ వచ్చినప్పుడు మా మాటకు పెద్ద తెర దొరికిందని సంతోషించాం. సంతోషించాల్సిందే. అల్లు అర్జున్ ఆ మాట మీద పడిన శ్రమ వినపడుతుంది, జాతీయ ఉత్తమ నటుడి అవార్డు అందుకున్న మొదటి తెలుగు నటుడు ఆ పురస్కారాన్ని చిత్తూరు యాసతో గెలవడం మాకు గర్వకారణం. కేశవగా కథంతా చెప్పే జగదీశ్ తెలంగాణవాడు, మంగళం శ్రీను వేసిన సునీల్ భీమవరం నుంచి వచ్చినవాడు. నాకు దానిపై అభ్యంతరం లేదు. జయప్రకాశ్ రెడ్డి కూడా గుంటూరులో ఉంటూనే సీమను మోశారు. పుట్టిన ఊరు కన్నా వినే ఓపిక ముఖ్యం. సునీల్ ప్రయాణాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. హీరో పక్కన నవ్వించే స్నేహితుడిగా మొదలై, 2010లో ‘మర్యాద రామన్న’లో ఫ్యాక్షన్ ఇంట్లో ఇరుక్కున్న అమాయకుడై, ‘పుష్ప’లో చల్లటి క్రూరత్వం దాకా వచ్చాడు. నవ్వించేవాడిలో ఇంత ఉంటుందని నిరూపించిన నటుడు. కానీ చూడండి, సీమ మాట అతని నోట్లోకి రాగానే పాత్ర మళ్లీ ఆయుధం పట్టింది. చిత్తూరు తెరకెక్కింది, ఎర్రచందనంతో, గొడ్డళ్లతో ఎక్కింది.

ఇంకో దారి లేక కాదు. అదే 2021లో వచ్చిన ‘సినిమా బండి’ ఉంది. ప్రవీణ్ కండ్రేగుల తీసిన చిన్న సినిమా, ఎక్కువమంది కొత్త నటులు. ఆటో నడుపుకునే మనిషికి ఎవరో మరిచిపోయిన కెమెరా దొరుకుతుంది. సరిహద్దు పల్లెలో మా చెవులకు బాగా దగ్గరైన తెలుగు మాట్లాడతారు, అప్పులు, ఆశలు, ఊరి బడాయిలు ఉంటాయి. ఆ యాస విని ఎవరూ భయపడరు, ఆ యాసను చూసి ఎవరూ నవ్వరు కూడా. మనుషుల్ని చూసి నవ్వుతారు, వాళ్ల కోసం బెంగపడతారు. జయప్రకాశ్ రెడ్డికి ఇలాంటి ఊళ్లో ఒక బడి హెడ్మాస్టరు పాత్ర, రిటైరై కొడుకు ఫోను కోసం ఎదురుచూసే తండ్రి పాత్ర ఎవరైనా రాసి ఉంటే ఎలా ఉండేదోనని నేను ఆ సినిమా చూస్తున్నంతసేపూ అనుకున్నాను.

మా జిల్లా నుంచే వెళ్లిన సప్తగిరిది కూడా ఆలోచించాల్సిన కథ. సహాయ దర్శకుడిగా పనిచేసి, 2013లో ‘ప్రేమకథా చిత్రమ్’తో పేరు తెచ్చుకుని, 2016 నాటికి తన పేరుతోనే వచ్చిన సినిమాలో హీరో అయ్యాడు. అతని మాటలో మా ఊళ్ల వేగం ఉంది. ఆ వేగాన్ని సినిమాలు ఎక్కువగా కంగారుకూ కేకలకూ వాడుకున్నాయి. ఆ గొంతును ఒక్కసారి నెమ్మదింపజేసి చూసే దర్శకుడు దొరకాలని గట్టిగా కోరుకుంటున్నాను, ఎందుకంటే అతను నెమ్మదించిన కొద్ది క్షణాల్లో కనపడేది నిజమైన నటుడే.

ఇప్పుడు ఫోన్లలో చిత్తూరు యాసతో నవ్వించే కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. వేదికలెక్కి ఒంటరిగా మైకు పట్టేవాళ్లూ వస్తున్నారు. సినిమా కంపెనీలు వాళ్లను ఫాలోవర్ల లెక్క చూసి పిలుస్తున్నాయి, పిలిచి ఆ యాసలో ఒక తిట్టో ఒక జోకో చెప్పించుకుంటున్నాయి. ఆడిషన్‌లో వేరే పరీక్ష పెట్టమని దర్శకులకు నా మనవి. మదనపల్లె మార్కెట్లో టమోటా రేటు పడిపోయిన రోజు ఇంటికొచ్చిన రైతు పెళ్లాంతో ఏం మాట్లాడతాడో, కొండమీద ఇరవై ఏళ్లు లడ్డూ కౌంటర్లో పనిచేసిన మనిషి రిటైరైన మర్నాడు పొద్దున ఏం చేస్తాడో ఐదు నిమిషాలు చేసి చూపమనండి. అరవకూడదు, నవ్వించే ప్రయత్నం చేయకూడదు. మధ్యలో ఎవరూ కట్ చెప్పకూడదు. మాట ఆగిన చోట కూడా కెమెరా నడుస్తూనే ఉండాలి.