రిసెప్షన్ గోడ మీది ఇత్తడి ఫలకం గారికి

మహారాజశ్రీ ఫలకం గారికి,

మొన్న మంగళవారం ఉద్యోగం ఇంటర్వ్యూకని రాయదుర్గంలో మెట్రో దిగి, ఎండలో నడిచొచ్చి, తమరి ఎదుట సోఫాలో మూడు గంటలు కూర్చున్నది నేనే. 'అన్ని వయసులవారికీ చోటున్న సంస్థ' అని తమరి మీద చెక్కించిన మాట కంఠతా వచ్చేసింది.

పక్కన స్టాండులో తమరి మహిమలు చెప్పే కరపత్రమూ చదివాను. ఈ గుర్తింపు ఉంటే పెద్దవయసువాళ్ళు ధైర్యంగా అప్లై చేస్తారట, చేరినవాళ్ళు ఊరికే మానెయ్యరట, అనుభవం ఆఫీసులోనే నిలుస్తుందట. నేను కాదనను. 2007లో జర్మనీలోని డింగోల్‌ఫింగ్ ఫ్యాక్టరీలో బీఎండబ్ల్యూ వాళ్ళు పనివాళ్ళ సగటు వయసు 47 ఉండేలా ఒక తయారీ లైన్ నడిపారు. చెక్క నేల, కూర్చోడానికి కుర్చీలు, భూతద్దాలు, ఇలా ఓ 70 మార్పులు చేస్తే ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది. తమరి సోఫాలోంచి లేవడానికి మాత్రం నాకు క్రేన్ కావాల్సొచ్చింది. సరే, వదిలేద్దాం.

వదలలేనిది ఆ ట్యాబ్. లోపలికి పోవాలంటే అందులో వివరాలు కొట్టాలి. పాసవుట్ సంవత్సరం దగ్గర వేలుతో కిందికి లాగాను. 2020, 2016, 2013, 2012. ఆగిపోయింది. ఇంకా లాగాను. లేదు. నాది 1997. ఆ 2012లో మా అమ్మాయి అయిదో క్లాసు.

"మీ సంవత్సరం దొరకదు సార్. అందరూ ఆఖరిదే కొడ్తరు," అన్నాడు గేటు దగ్గరి సెక్యూరిటీ అన్న. కొట్టాను.

మూడు గంటల తర్వాత హెచ్ఆర్ అమ్మాయి వచ్చి, "అంకుల్, మీ రెజ్యూమేలో 1997, సిస్టమ్‌లో 2012. డేటా మిస్‌మ్యాచ్. ప్రొఫైల్ హోల్డ్‌లో పడింది," అంది. పాపం, ఆ పిల్లది తప్పేం లేదు. ఇంతకీ నన్ను పిలిచింది దేనికో తమరికి తెలుసా? కోబాల్ అనే పాత కంప్యూటర్ భాషకి. ఏదో బ్యాంకు పాత ప్రోగ్రాములు మరమ్మతు చెయ్యాలట. 2000 వస్తే కంప్యూటర్లు తేదీలు తికమకపడతాయని భయపడ్డ వైటుకే రోజుల్లో అమీర్‌పేటలో ఇరుకు గదిలో బెంచీకి నలుగురం కూర్చుని నేర్చుకున్న కోబాల్. అది పుట్టింది 1959లో. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. దానికి మీ దగ్గర ఉద్యోగం ఉంది, అది తెలిసినవాడికి లిస్టులో సంవత్సరమే లేదు! నువ్వసలు ఎవర్ని అడిగి ఎక్కావయ్యా ఆ గోడ? ఆ ట్యాబ్‌లో ఇంకో పదిహేను అంకెలు చేర్చడానికి ఎంతసేపు? నిన్ను గోడకు బిగించడానికి పట్టినంతసేపు కూడా పట్టదే!

క్షమించాలి, నోరు జారింది.

బ్రిటన్‌లో 2010 సమానత్వ చట్టంలో, వివక్ష చూపకూడనివాటి లిస్టులో వయసు కూడా ఉంది. మన రాజ్యాంగం 15, 16 అధికరణాల్లో మతం, కులం, లింగం, పుట్టిన చోటు ఉన్నాయి గాని వయసు లేదు. అంటే తమరు ఎవరికో భయపడి కాదు, మనస్ఫూర్తిగానే గోడెక్కారన్నమాట. అందుకో దండం.

విజిటర్ కార్డు తిరిగిచ్చేటప్పుడు సెక్యూరిటీ అన్నను అడిగాను, ఆ ఫలకం అంత తళతళలాడుతుందేంటని.

"పొద్దుగాల వచ్చి నేనే తుడుస్త సార్. లేకుంటే నల్లవడ్తది."

నల్లరంగు వేసుకున్న అతని జుట్టు పాపిట దగ్గర తెల్లగా బయటపడుతోంది. ఏజెన్సీ మనిషట, కంపెనీ లెక్కలోకి రాడు.

"నీ వయసెంతన్నా?"

"ఏజెన్సీ కాగితంలనా సార్, నిజంగనా?"

ఇట్లు,
తమ విధేయుడు,
2012 బ్యాచ్