ముద్దొచ్చినప్పుడు తీసుకెళ్ళి, బరువైనప్పుడు చేపల మార్కెట్లో వదిలేస్తారా?

పొద్దున మా చిన్నాన్న కూతురు ఫోన్ చేసింది. "ఏమనుకోబాక అక్కా, నువ్వు పెంచుకోమని ఇచ్చిన ఆ పిల్లిపిల్లని నిన్న చేపల మార్కెట్ కాడ వదిలిపెట్టాం. ఆడైతే దానికి తిండికేం కొదవుండదు" అంది. ఏదో పుణ్యం చేసినట్టు చెప్పింది. అదే ఫోన్లో కోడలి సీమంతానికి కూడా పిలిచింది.

ఒళ్ళు మండిపోయింది. ఇది రాస్తున్నప్పుడు కూడా చేతులు వణుకుతున్నాయి.

దానికి ఇంకా మూడు నెలలు నిండలేదు. పుట్టాక రోడ్డు మీద కాలు పెట్టలేదు. మార్కెట్ అంటే కుక్కలు, ఆటోలు, ఐసు నీళ్ళ బురద, కొత్త పిల్లిని బతకనివ్వని గండుపిల్లులు. మొదటి టీకా వేయించి, రెండోది ఎప్పుడు వేయించాలో కార్డు మీద రాసి మరీ ఇచ్చాను. పాన్‌ల్యూకోపీనియా అని పిల్లులకొచ్చే వైరస్ జబ్బు ఉంది. టీకాలు పూర్తికాని పిల్లిపిల్లలకు సోకితే వాంతులు, విరేచనాలతో రోజుల్లోనే చచ్చిపోతాయి. ఆ కార్డు తీసుకెళ్ళి ఏ డబ్బాలో పడేసిందో.

కారణం అడిగాను. కోడలు కడుపుతో ఉంది కదా, ఇంట్లో పిల్లి ఉంటే కడుపులో బిడ్డకు ప్రమాదమని ఎవరో చెప్పారట. ఆ ఎవరో టాక్సోప్లాస్మా అనే క్రిమి గురించి చెప్పి ఉంటారు, దానితో వచ్చే జబ్బు నిజంగా ఉన్నదే. కానీ చెప్పినవాళ్ళు సగమే చెప్పారు. ఆ క్రిమి గుడ్లు పిల్లి మలంలో వస్తాయి, అంటుకునే స్థితికి రావడానికి కనీసం ఒక రోజైనా పడుతుంది. పిల్లి దొడ్డికెళ్ళే ఇసుక తొట్టి ఏ రోజుకారోజు శుభ్రం చేస్తే, ఆ పని కడుపుతో ఉన్న అమ్మాయి కాకుండా వేరేవాళ్ళు చేస్తే భయపడాల్సిన పనిలేదు. సరిగ్గా ఉడకని మాంసంతో, కడగని కూరగాయలతో కూడా అదే జబ్బు వస్తుంది. ఆదివారం మటన్ మానేశారా? లేదు. ఇంట్లో మొగుడున్నాడు, కొడుకున్నాడు. ఆ తొట్టి ఎత్తడానికి ఒక్కరికీ చేతులు రాలేదు, పిల్లని సంచిలో వేసుకుని మార్కెట్ దాకా వెళ్ళడానికి మాత్రం ఓపిక ఉంది.

అసలు ఆ పిల్లల్ని ఎట్లా పెంచామో తెలిస్తే ఇంత సులువుగా వదిలేస్తారా? తల్లి నెల్లూరులో మా వేదాయపాలెం వీధిలో తిరిగేది. మా మోటారు షెడ్డులో ఈనింది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, అది నిజమే. ఎవరైనా తొంగిచూసినా, గండుపిల్లి వాసన తగిలినా ఒక్కొక్కదాన్నే మెడ పట్టుకుని వేరే చోటికి మారుస్తుంది. షెడ్డు నుంచి మెట్ల కిందికి, అక్కడి నుంచి మా బీరువా వెనక్కి తెచ్చుకుంది. పుట్టినప్పుడు ఒక్కో పిల్ల వంద గ్రాముల లెక్కన ఉంటుంది. కళ్ళు తెరవవు, చెవులు ముడుచుకుని ఉంటాయి, ఒళ్ళు వేడిగా ఉంచుకోవడం కూడా వాటికి చేతకాదు. కళ్ళు తెరవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. రోజూ వంటింటి కాటా మీద తూచేదాన్ని. ఆరోగ్యంగా ఉన్న పిల్ల రోజుకు పది, పదిహేను గ్రాములు పెరగాలి. ఇప్పుడు వాళ్ళు వదిలేసిన ఈ మూడు రంగులదే పెరగలేదు. మిగతావి తోసేస్తుంటే దీనికి పాలు అందేవి కాదు.

మా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ "ఆవుపాలు పోయమ్మా" అని సలహా. ఆవుపాలు పిల్లిపిల్లలకు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి, అంత చిన్న ఒళ్ళు నీళ్ళు కోల్పోతే గంటల్లో చేయిదాటిపోతుంది. పిల్లిపిల్లల పాలపొడి తెప్పించి, గోరువెచ్చగా కలిపి పట్టాను. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బోర్లా ఉంచి, తల కొంచెం ఎత్తి, అది పీల్చుకున్నంత మేరకే ఇవ్వాలి. వేణ్ణీళ్ళ సీసాకు పాత చీర చుట్టి పక్కన పెట్టేదాన్ని. రాత్రుళ్ళు అలారం పెట్టుకుని లేచాను. నాలుగు వారాలు దాటాక పెన్నా ఇసుక తొట్టిలో పోసి పెడితే వాటంతటవే నేర్చుకున్నాయి.

అంత పెంచాక, ఎనిమిది వారాలు నిండేదాకా తల్లి దగ్గరే ఉంచాను. ముందే ఇచ్చేయమని ఎంతమంది అడిగారో. తల్లి దగ్గర, తోడబుట్టినవాటి దగ్గర ఉంటేనే ఎంత గట్టిగా కొరకాలో, ఎక్కడ ఆపాలో నేర్చుకుంటాయి. నెలకే విడదీసి తీసుకెళ్ళి, తర్వాత "కరుస్తోంది" అని వదిలేసేవాళ్ళు మన ఊళ్ళో ఎందరు లేరు!

ఇక అందరిదీ ఒకటే ప్రశ్న, "మగదేనా?" మా చెల్లెలూ అదే అడిగింది. మూడు రంగుల పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే. నలుపా నారింజా అని తేల్చే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, రెండు రంగులూ కలిసి కనబడాలంటే రెండు ఎక్స్‌లు కావాలి, అవి మామూలుగా ఆడదానికే ఉంటాయి. అది చెప్పాక "సరేలే, ఫోటోల్లో బాగుంటుంది" అని తీసుకెళ్ళింది. ఫోటోలు పెట్టింది, లైకులు తెచ్చుకుంది. ఆమె రంగనాయకుల గుళ్ళో ఒక్క ప్రవచనం మానదు. మార్జాల కిశోర న్యాయం వినే ఉంటుంది. తల్లి నోట కరుచుకుని తీసుకెళ్తుందని నమ్మి పిల్ల ఊరికే ఉండిపోతుంది. ఆ పిల్ల ఆమెనూ అట్లాగే నమ్మింది.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం ఇట్లా తిండీ నీళ్ళూ లేక అల్లాడేట్టు వదిలేయడం నేరమే. మొదటిసారి పట్టుబడితే జరిమానా ఎంతో తెలుసా? పది నుంచి యాభై రూపాయలు. ఇన్నేళ్ళయినా ఆ అంకె మారలేదు.

మా ఆయన పనికి సెలవు పెట్టి మార్కెట్‌కి వెళ్ళాడు. చేపలు కోసే ఒక అక్క దాన్ని రాత్రి తన గంపలో పెట్టుకుని, ముల్లు తీసిన చేపముక్క పెట్టి, పైన గోనెసంచి కప్పి ఉంచింది. "ఎవరి బిడ్డో, ఒకటే అరుస్తుంది సార్" అందట. తెల్లారితే కత్తిపీట ముందు కూర్చునే మనిషికి ఉన్న దయ, మూడంతస్తుల ఇల్లున్నవాళ్ళకు లేదు.

ఫోన్లో చివరికి మా చెల్లెలు అన్న మాట, "పిల్లే కదక్కా!" ఈ మాట నేను ముందు కూడా విన్నాను. పోయినేడు మేం కందుకూరు పెళ్ళికి వెళ్తే, మా పిల్లి నల్లోడికి ఒళ్ళు కాలుతోందని పక్కింటావిడ మందుల షాపులో అడిగింది. ఆవిడ మంచి మనసుతోనే అడిగింది. షాపతను పారాసిటమాల్ సగం విరిచి ఇచ్చాడు. పిల్లి కాలేయం ఆ మందును విడగొట్టలేదు, రక్తం ప్రాణవాయువును మోయలేకుండా అయిపోతుంది. మేం వచ్చేసరికి మొహం వాచిపోయి, చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగి, ఎగశ్వాస. పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ బర్రెల మందులే కానీ పిల్లికి వేసేదేదీ లేదన్నారు, ఒకతను నవ్వాడు కూడా. బ్రెజిల్లో నెలోర్ అనే జాతి పశువులు కోట్లలో మన నెల్లూరు పేరు పెట్టుకుని తిరుగుతున్నాయని గొప్పలు చెప్పుకుంటాం. అదే జిల్లాలో నా బిడ్డ లాంటి పిల్లి నా ఒళ్ళో గిలగిలా కొట్టుకుని పోయింది. మర్నాడు షాపుకెళ్ళి అడిగితే అతనూ అదే అన్నాడు, "పిల్లే కదమ్మా!" ఇంట్లో పెంచే పిల్లి పదిహేనేళ్ళు బతుకుతుంది. మావాడికి రెండేళ్ళు కూడా నిండలేదు.

అందుకే ఇప్పుడే చెప్తున్నా. మూడు రంగులది మళ్ళీ మా ఇంటికొచ్చింది, తోక వంకరని ఎవరూ అడగని మగపిల్ల కూడా ఉంది. రెండూ కలిపే ఇస్తాను. టీకాలు పూర్తి చేయించాలి. బాల్కనీకి వల కట్టించాలి. ఐదారు నెలలు వచ్చేసరికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలి, ఆడపిల్లి నాలుగైదు నెలలకే కట్టగలదు. తల్లికి ఆపరేషన్ నేను చేయిస్తున్నా. పెంచలేకపోతే అర్ధరాత్రయినా సరే నా గుమ్మంలోకే తేవాలి, ఇంకెక్కడా వదలకూడదు. ఇవన్నీ ఒప్పుకునేవాళ్ళే మెసేజ్ చేయండి. ఊరికే ఇచ్చేదానికి ఇన్ని రూల్సా అనేవాళ్ళు నన్ను అడగొద్దు, చుట్టాలైనా సరే.