అడవిలో నిప్పు, జలాశయంలో పూడిక

ఫిబ్రవరి దాటిందంటే నల్లమలలో మంటలన్న వార్తలు మొదలవుతాయి. నాగార్జునసాగర్ నీటిమట్టం ఎంత పడిపోయింది, హైదరాబాద్‌కు ఎమర్జెన్సీ పంపింగ్ పెట్టాలా అన్న లెక్కలూ ఆ వేసవిలోనే వస్తాయి. మంటలు అటవీ శాఖ తలనొప్పి, నీళ్లు జలమండలి టెన్షన్. వీటిని కలిపి చూసేవాళ్లు కనిపించరు. కలిపి చూడాల్సిన అవసరం మాత్రం చాలా ఉంది.

అడవిలో కురిసిన వాన నేరుగా వాగులోకి పోదు. కొంత కొమ్మల మీదే ఆగిపోతుంది. నేలకు చేరినదాన్ని ఎండుటాకుల పొర పట్టి ఉంచి, మెల్లగా లోపలికి దించుతుంది. ఆ నీరే నెలల తర్వాత కూడా ఊటగా, చెలమగా బయటికొస్తుంది. మంట ముందుగా మింగేది ఆ ఆకుల పొరనే. మంట తీవ్రంగా ఉంటే మరో నష్టం జరుగుతుంది. కాలే ఆకుల్లోని మైనపు పదార్థాలు ఆవిరై నేలలోకి దిగి, కొన్ని సెంటీమీటర్ల లోతులో చల్లబడి మట్టి రేణువులకు అంటుకుంటాయి. అలాంటి చోట బూడిద పక్కకు తీసి నాలుగు చుక్కల నీళ్లు పోస్తే అవి ఇంకవు, తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా నిలబడతాయి. అలాంటి వాలు మీద గట్టి వాన పడితే, రోజుల తరబడి నెమ్మదిగా రావాల్సిన నీరు గంటల్లోనే వాగులో పడుతుంది, మట్టినీ బూడిదనూ వెంటేసుకుని.

కాలిన అడవి నుంచి మొదటి కొన్నేళ్లు నీరు ఎక్కువగానే వస్తుంది, తాగే చెట్లు లేవు కాబట్టి. దీన్ని లాభం అనుకోకూడదు. వరదగా ముంచుకొచ్చి వెళ్లిపోయే నీరు ఏప్రిల్‌లో ఎవరి దాహం తీరుస్తుంది?

అమెరికాలోని డెన్వర్ నగరానికి ఇది బాగా అనుభవమైంది. ఆ నగరానికి నీళ్లిచ్చే కొండల్లో 1996లో బఫెలో క్రీక్ మంటలు, 2002లో అంతకంటే చాలా పెద్దదైన హేమన్ మంటలు వచ్చాయి. తర్వాతి వానలకు కొట్టుకొచ్చిన మట్టి స్ట్రాంషియా స్ప్రింగ్స్ జలాశయంలో మేట వేసింది. పూడిక తీతకు, ఇతర పనులకు అక్కడి నీటి సంస్థకు 2.7 కోట్ల డాలర్లకు పైగా ఖర్చయింది. 2010లో ఆ సంస్థ అటవీ శాఖతో ఒప్పందం చేసుకుని, అడవిని కాపాడే పనులకు తన వాటా డబ్బు పెట్టడం మొదలుపెట్టింది. నీళ్లమ్మే సంస్థ చెట్ల కోసం ఖర్చు పెట్టిందన్నమాట. మనం నేర్చుకోవాల్సింది ఇదే.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌ది ఇంకో కథ. 1939 మంటల తర్వాత ఆ నగరానికి నీళ్లిచ్చే కొండల్లో కొత్తగా లేచిన చెట్లు ముదురు చెట్ల కంటే ఎక్కువ నీరు తాగాయి. వాగుల్లో ప్రవాహం దశాబ్దాల పాటు తగ్గింది.

అమెరికా లెక్కను తెచ్చి ఇక్కడ అతికించలేం. అక్కడ చెట్ల తలలే అంటుకుంటాయి. మన ఆకురాల్చే అడవుల్లో మంట ఎక్కువగా నేల మీదే పాకుతుంది, పెద్ద చెట్టు బతికిపోతుంది. అందుకే మనకిది చిన్న విషయంలా కనిపిస్తుంది. కానీ మళ్లీ మళ్లీ కాలే చోట మొలకలు నిలవవు, ఆకుల పొర పేరుకోదు. మే నెల గాలివానకు ఆ నేల ఒట్టి ఒంటితో ఎదురవుతుంది.

నాగార్జునసాగర్ కట్టినప్పుడు దాని సామర్థ్యం 408 టీఎంసీలు, ఇప్పుడు 312. శ్రీశైలం 308 నుంచి 215కి వచ్చింది. ఈ పూడికంతా మంటల వల్లే అనడం తప్పు. పొలాల మట్టి ఉంది, ఎగువ రాష్ట్రాల మట్టి ఉంది. కృష్ణ నీటిలో ఎక్కువ భాగం పడమటి కనుమలదే. కానీ నల్లమలలోని అమ్రాబాద్ అడవి వాలులు మన చేతిలో ఉన్నాయి. మూసీ పుట్టే అనంతగిరి కొండలూ మన చేతిలోనే ఉన్నాయి, అక్కడి మట్టి దిగువన ఉన్న గండిపేటకే చేరాలి. 1908 వరద చూశాక కట్టుకున్న చెరువు అది.

మనకు సాధనాలు లేక కాదు. ఉపగ్రహాలు మంటను పసిగడితే అటవీ సిబ్బంది ఫోన్లకు అలర్ట్ వెళ్తోంది. ఉపగ్రహ చిత్రాలు అందించే జాతీయ దూర సంవేదన కేంద్రం మన బాలానగర్‌లోనే ఉంది. లేనిది, ఆ మంటల మ్యాప్ మీద వాగుల మ్యాప్ పరిచి, ఏ వాలు కాలితే ఏ జలాశయానికి దెబ్బో చూసి, ఆ వాలుకు ముందు మనిషిని పెట్టే పద్ధతి. ఇప్పపువ్వు ఏరడానికి చెట్టు కింద ఆకులు తగలబెడతారని గిరిజనులను తిట్టడంతో సరిపెట్టుకుంటున్నాం. ఆ చెట్ల కింద ముందే ఊడ్చి ఇవ్వడానికి, మంట పాకకుండా ఆకులూ గడ్డీ తీసేసిన ఫైర్ లైన్లు గీయడానికి ఆ చెంచులకే నాలుగు నెలలు గిట్టుబాటు కూలి ఇస్తే మంటలు తగ్గుతాయి. కాలిపోయిన వాలుల్లో తొలకరికి ముందే అడ్డంగా రాతికట్టలు వేయించాలి. ఈ ఖర్చులో జలమండలి వాటా ఉండాలి. అందుకోసం నా నీళ్ల బిల్లు కొంత పెరిగినా సంతోషంగా కడతాను.