ఇంటి భాషను తరగతి బయట ఉంచమనడం సరికాదు

కొవిడ్ కాలంలో వెనకబడిన పిల్లలు త్వరగా కోలుకోవాలంటే తరగతిలో ఇంగ్లిష్ తప్ప మరో భాష వినిపించకూడదని ఒక వ్యాసంలో చదివిన సూచనతో నేను ఏకీభవించలేను. 2020 మార్చిలో తెలంగాణలో బడులు మూతపడ్డాక, ఆ సెప్టెంబరు నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో పాఠాలు ప్రసారమైన మాట నిజమే కానీ, వినడమే తప్ప తిరిగి మాట్లాడే వీలులేని ఆ పాఠాల్లో భాష నేర్వడానికి అత్యవసరమైన సంభాషణే లోపించింది. ఆ లోటు తీరకముందే, 2022-23లో రాష్ట్ర ప్రభుత్వ పాఠశాలల్లో ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లిష్ మాధ్యమం మొదలైంది. అప్పుడు తెలుగు, ఇంగ్లిష్ పాఠం ఎదురెదురు పేజీల్లో ఉండేలా ద్విభాషా పుస్తకాలు ఇవ్వడం మంచి నిర్ణయం.

అయితే హైదరాబాద్‌లో పాతబస్తీ పిల్లల్లో చాలామందికి ఇంటి భాష ఉర్దూ. నిర్మాణ పనులకు వలస వచ్చిన ఒడియా కుటుంబాల పిల్లలకు ఆ తెలుగు పేజీ కూడా కొత్తదే. (ఈ సంగతి ఆ వ్యాసంలో ప్రస్తావనకైనా రాలేదు.) కాబట్టి, ఉదాహరణకు కిరణజన్య సంయోగక్రియ పాఠాన్ని ముందుగా ఒకే భాష మాట్లాడే పిల్లలు జంటలుగా తమ మాటల్లో చర్చించుకొని, ఆ తరువాత ఉపాధ్యాయులు బోర్డుపై సగం రాసి ఉంచిన ఇంగ్లిష్ వాక్యాలను పూరించి పైకి చెప్పేలా చేస్తే, విషయమూ భాషా కలిసి వస్తాయి. చెబుతుండగా మధ్యలో తప్పులు దిద్దకూడదు. జవాబు కోసం కొన్ని క్షణాలు ఆగాలి. సైన్స్ మౌఖిక పరీక్షలో పిల్లవాడు రెండు భాషలు కలిపి సరైన జవాబు చెబితే పూర్తి మార్కులు ఇవ్వాలి, ఎందుకంటే అక్కడ పరీక్షిస్తున్నది సైన్స్‌ను.