కారున్నది తిరగడానికేనా?

కారంటే ఎక్కి తిరగడానికి కొనుక్కునే వస్తువు అనే మూఢనమ్మకం మన సమాజంలో బాగా పాతుకుపోయింది. దీనివల్ల అన్యాయమైపోతున్న వర్గం ఒకటుంది. వయసు నలభై ఐదు దాటి, పిల్లల చదువులు ఒక గట్టున పడి, పోర్టికోలో పాత ఫియట్ ఒకటి పెట్టుకుని, ఆదివారం పొద్దున్నే దాన్ని బాగుచేద్దామని చిరిగిన లుంగీతో దాని కింద దూరే మగవాళ్లు వీళ్లు. బయటికి కాళ్లే కనిపిస్తాయి కనుక వీళ్ల మొహాలు వీధిలో ఎవరికీ గుర్తుండవు. వీళ్లకు సంఘం లేదు, జెండా లేదు. వీళ్ల గురించి అసెంబ్లీలో ఒక్క ప్రశ్న వేసిన నాథుడు లేడు. పాలవాడి దగ్గర్నుంచి వియ్యంకుడి దాకా అందరూ వీళ్లనే ప్రశ్న వేస్తారు: "ఏం సార్, ఇంకా అవలేదా?"

అవ్వాలని ఎవరన్నారు?

ముందు కారు పుట్టుపూర్వోత్తరాలు. ఇటలీవాళ్ల ఫియట్ 1100ను బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ తయారుచేసేది. 1964లో 1100 డిలైట్ వచ్చింది. 1970ల్లో అదే ప్రీమియర్ ప్రెసిడెంట్ అయింది, ఆ వెంటనే పద్మిని అయింది. పేరు మారినప్పుడల్లా లోపల సరుకు కూడా మారిందని ఎవరూ భయపడనక్కర్లేదు. పథకాలకు పేర్లు మార్చే విద్య మన ప్రభుత్వాలు ఇక్కడే నేర్చుకున్నాయని మా అనుమానం. 1089 సీసీ ఇంజను, స్టీరింగు పక్కన గేరు రాడ్డు, ముందు బెంచీ సీటు. ముందు ముగ్గురు, వెనక నలుగురు, ఒళ్లో పిల్లలు లెక్కలోకి రారు. పైన ఏ పేరు రాసున్నా మనవాళ్లు మాత్రం ఫియట్ అనే పిలిచారు.

ఈ కారుకూ అప్పుకూ అనుబంధం ఈనాటిది కాదు. లాల్‌బహదూర్ శాస్త్రి ప్రధానిగా ఉండగా ఫియట్ కొనాలనుకుంటే ధర 12,000 రూపాయలు. చేతిలో అంత లేక పంజాబ్ నేషనల్ బ్యాంకులో 5,000 అప్పు చేశారు. 1966 జనవరిలో తాష్కెంట్‌లో ఆయన పోయాక ఆ బాకీని లలితా శాస్త్రిగారు తన పింఛను డబ్బుతో తీర్చారు. ఆ కారు ఇప్పుడు ఢిల్లీలో ఆయన స్మారక భవనంలో ఉంది. అంటే సాక్షాత్తూ ప్రధానమంత్రి కారు కూడా చివరికి కదలకుండా నిలబడి, వచ్చినవాళ్లకు కనబడే హోదాకే చేరింది. మనవాళ్లు మధ్యలో తిరిగే దశ ఒక్కటీ వదిలేసి నేరుగా అక్కడికి చేరుకుంటున్నారు. తేడా అల్లా ఒక్కటే: శాస్త్రిగారి అప్పు సంగతి ఆయన ఇంట్లో తెలుసు.

ఇక కొనే రోజు వేడుక చూసి తీరాలి. "ఇంజను బంగారం సార్, పైన కాస్త రంగు పోయిందంతే" అంటాడు అమ్మేవాడు. కొనేవాడేమీ తక్కువ తినలేదు. యూట్యూబులో నేర్చుకున్న విద్యకొద్దీ చిన్న అయస్కాంతాన్ని గుడ్డలో చుట్టి జేబులో వేసుకొస్తాడు. బానెట్ మీద పెడితే టక్కున పట్టుకుంటుంది. టాపు మీదా పట్టుకుంటుంది. తలుపు కిందికి వచ్చేసరికి చేతిలోంచి జారి పడుతుంది, అక్కడ రేకు లేదు, ఉన్నదంతా లప్పమే కనుక. చక్రం పైన మడ్‌గార్డు అంచున జారుతుంది. డిక్కీ కింద అసలు ఆగనే ఆగదు. కారులో ఇనుమెంతో లప్పమెంతో ఇంతకన్నా సూటిగా చెప్పే పరికరం లోకంలో లేదు. అంతా విని, అయస్కాంతాన్ని తిరిగి జేబులో వేసుకుని, అదే జేబులోంచి అడ్వాన్సు తీసి ఇస్తాడు. దీన్ని అమాయకత్వం అనేవాళ్లకు ప్రజాస్వామ్యం తెలియదు. అభ్యర్థి చరిత్ర మొత్తం కనుక్కుని మరీ అతనికే ఓటేయడం మన సంప్రదాయం.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దల కాలానికి ఫియట్ రాలేదు. వచ్చుంటే విప్పి చూడమనేవాళ్లు. విప్పడం ఎవరైనా విప్పగలరు, అందుకే అందరూ విప్పుతారు. కావలసిందల్లా పది-పదకొండు స్పానరు, పన్నెండు-పదమూడు స్పానరు, సుత్తి, డబ్బాలో కాస్త డీజిలు. తుప్పు పట్టిన బోల్టు మీద రాత్రి డీజిలు పోసి పొద్దున్న తిప్పితే కదలదు, కదిలితే తల తెగి చేతికొస్తుంది. తెగినదాన్ని తీయడానికి డ్రిల్లు పెట్టాలి. డ్రిల్లు బిట్టు లోపలే విరిగితే మెకానిక్కు రావాలి. మెకానిక్కు రావాలంటే పండగ వెళ్లాలి. ఈలోగా కార్పెట్టు ఎత్తి చూస్తారు. కింద ఫ్లోరు రేకు కనబడాలి కదా, పోర్టికో టైల్స్ కనబడతాయి. టింకరింగ్ చేసే కుర్రాడు వచ్చి, వేలితో రెండుచోట్ల పొడిచి, కన్నంలోంచి వేలు తీసి, కారు కొన్న ధరకు మూడింతలు చెబుతాడు. చారాణ కోడికి బారాణ మసాల అన్న సామెత తెలంగాణలో పుట్టిందంటారు గానీ, దాని అర్థం మాత్రం టింకరింగ్ షెడ్డులోనే తెలుస్తుంది.

ఇంజను దగ్గర సమస్య వేరు, అక్కడ చదువు అడ్డొస్తుంది. నాలుగు సిలిండర్లకు, కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ నుంచి నాలుగు వైర్లు వెళతాయి. నిప్పురవ్వ 1-3-4-2 వరుసలో రావాలి. చిన్నప్పటి నుంచి ఎక్కాలు అప్పజెప్పిన మనిషికి ఒకటి తర్వాత మూడు రావడం మింగుడుపడదు, పడకపోయేసరికి వరుసగా తగిలిస్తాడు. తాళం తిప్పగానే కార్బురేటర్‌లోంచి ఢామ్మంటుంది. ఎదురింటి పెద్దాయన గేటు దాకా వచ్చి క్యాలెండరులో దీపావళి ఎప్పుడుందో అడిగి వెళతాడు.

సామాన్ల కోసం విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లడం ఒక యాత్ర. అక్కడ జరిగే సంభాషణ దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది.

"ఫియట్ పెట్రోలు పంపు డయాఫ్రం ఉందాండీ?"

"ఏ మోడలండీ?"

"డిలైట్."

కౌంటరు వెనకాయన గుమాస్తా వైపు చూస్తాడు. గుమాస్తా గోడకున్న దండేసిన ఫోటో వైపు చూస్తాడు. "మా నాన్నగారున్నప్పుడు వచ్చేవండీ" అంటాడు కౌంటరాయన. పోనీ చెన్నై పుదుపేటలో అడగమని ఉచిత సలహా ఇస్తాడు. పుదుపేటకు వెళ్లినవాడు డయాఫ్రం తప్ప అన్నీ తెస్తాడు. వాటిలో ఒక అంబాసిడర్ హారను కూడా ఉంటుంది. "పడుంటుందిలే" అంటాడు. నిజమే, పడుంటుంది.

ఇంతవరకు చదివినవాళ్లు ఇదంతా డబ్బు తగలేసుకునే పిచ్చి అనుకోవచ్చు. వాళ్లు కేంద్ర ప్రభుత్వ నిబంధనలు చదవాలి. 2021లో మోటారు వాహనాల నిబంధనలు సవరించి, 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు వింటేజ్ హోదా ఇచ్చారు. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే 20,000 రూపాయలు, పదేళ్లకోసారి మళ్లీ 5,000. నంబరు ప్లేటులో 'వీఏ' అనే అక్షరాలొస్తాయి. ఈ బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. మరి దేనికి ఎక్కించవచ్చు? ప్రదర్శనకు, సాంకేతిక పరిశోధనకు, వింటేజ్ ర్యాలీకి. ఆ తర్వాత, పాఠకులు కాస్త కుదురుగా కూర్చుని చదవగలరు, పెట్రోలు కొట్టించుకోవడానికీ మెయింటెనెన్సుకీ. మా వర్గం ఇన్నేళ్లుగా చేస్తున్నది అక్షరాలా ఇదే. కారుకు పెట్రోలు పోయించి షెడ్డుకు తీసుకెళ్లడం, షెడ్డులో పెట్రోలు అయిపోతే మళ్లీ బంకుకు తీసుకెళ్లడం. ఇంతకాలం దీన్ని ఇంట్లోవాళ్లు చేతకానితనం అనుకున్నారు, అది గెజిట్‌లోకెక్కిన వినియోగం అని ఇప్పుడు తేలింది.

అదే నిబంధనల్లో ఇంకో మాట ఉంది. వాహనం అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్సులో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. అసలు రూపం అంటే కుర్లా నుంచి బయటికొచ్చిన రూపమా, మనకు దొరికినప్పటి రూపమా? మొదటిదైతే సగం కారు లేదు. రెండోదైతే లప్పాన్ని కూడా కాపాడుకోవాలి. ఈ ధర్మసందేహం తీరేదాకా పనులు నిలిపివేయడం చట్టాన్ని గౌరవించే పౌరుడి కనీస బాధ్యత కాదా?

యాభై నిండని పద్మినులకు ఆ గౌరవమూ లేదు. 15 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 అయింది. 2025లో, 20 ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. పాత బండ్లు పొగ వదులుతాయని, తుక్కు కింద ఇచ్చేయమని ప్రభుత్వం బాధ. ఇక్కడే మా వర్గానికి తీరని అన్యాయం జరిగింది. ఇంజను దించి, ట్యాంకు కడిగి ఎండబెట్టి, కార్బురేటర్‌ను వంటింటి గట్టు మీద పెట్టుకున్నవాడి కారు ఏ పొగ వదులుతుంది? కరెంటు కారుకైనా కరెంటు కావాలి, ఆ కరెంటుకు ఎక్కడో బొగ్గు మండాలి. మాదానికి ఏమీ అక్కర్లేదు. ట్రాఫిక్ చలానా రాదు, ఎవరినీ గుద్దదు, టోలు గేటు దగ్గర క్యూ పెంచదు. మండు వేసవిలో పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి బండి ఆగిపోతే పంపు మీద తడిగుడ్డ వేసి చెట్టుకింద కూర్చున్న రోజులు పాత డ్రైవర్లకు గుర్తే. మా కార్లకు ఆ బెడద కూడా లేదు.

తిరిగిన కార్లకు ఏ గతి పట్టిందో బొంబాయిలో చూశాం. అక్కడ ఆఖరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది. టాక్సీకి 20 ఏళ్ల గడువు కనుక 2023 అక్టోబరు 30 నుంచి నలుపు పసుపు పద్మిని ఊళ్లో కనబడకుండా పోయింది. పత్రికలన్నీ కన్నీళ్లు పెట్టుకున్నాయి. పాపం, రాత్రనక పగలనక తిరిగింది, రిటైర్ చేశారు. పోర్టికోలో ఉన్నదాన్ని ఎవరు రిటైర్ చేస్తారు? అది ఇంకా డ్యూటీలోనే చేరలేదు.

కుటుంబ వ్యవస్థకు జరుగుతున్న మేలు గురించి కూడా నలుగురికీ తెలియాలి. మా ఎరుకలోని ఒక గృహిణి అభిప్రాయం ఇది: "ఆయన ఆదివారం ఎక్కడికీ వెళ్లరండీ. మందు లేదు, పేకాట లేదు. కేకేస్తే పలికే దూరంలోనే ఉంటారు. కాకపోతే కింద నుంచి పలుకుతారు." ఇంతకన్నా ఏ ప్రభుత్వ పథకం మాత్రం ఏం సాధించింది?

కాబట్టి మా డిమాండ్లు పెద్దవేమీ కావు. విప్పిన కారును తుక్కుగా లెక్కకట్టరాదు. బిగించాక మిగిలిపోయిన నట్ల గురించి ఆర్టీవో ఆఫీసులో ఆరా తీయరాదు. "ఇంకా అవలేదా" అని అడిగినవారు ఆ ఆదివారం వచ్చి జాకీ పట్టుకోవాలని చట్టం తేవాలి.

ఈలోగా, డిలైట్ ఎడమవైపు క్వార్టర్ గ్లాసుకు రబ్బరు బీడింగు ఎవరి దగ్గరైనా ఉంటే తెలియజేయగలరు. కుడివైపుది మా దగ్గర రెండున్నాయి, మార్పిడికి సిద్ధం. కొరియర్ చేసేవారు ఆఫీసు అడ్రసుకే చేయాలి.