ముప్పై సెంటీమీటర్ల దగ్గర ఆగిన లెక్క

హైదరాబాద్ నుంచి సముద్రం చూడాలంటే ఒక రాత్రి ప్రయాణం. అయినా దేశ సముద్రాల మీద కన్నేసి ఉంచే సంస్థ ఇక్కడే, ప్రగతినగర్‌లో ఉంది. 1999లో ఏర్పడిన ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) నుంచే, వేట నిషేధం రోజులు తప్ప, చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు కబురు వెళ్తుంది. 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రమూ అక్కడే నడుస్తోంది. సముద్రంలో మునిగి తేలుతూ వేడినీ ఉప్పునూ కొలిచే ఆర్గో ఫ్లోట్ల సమాచారం కూడా అక్కడికే చేరుతుంది. ఇటు బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాలు చదివే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. కూకట్‌పల్లి ట్రాఫిక్ కరుణిస్తే రెండింటి మధ్య అరగంట.

ఇంత చూపు ఉండి కూడా, వాతావరణ మార్పుపై మన దేశం ప్రపంచానికి అంకెలు వేసి ఇచ్చిన హామీల్లో సముద్రం లేదు. 2022 ఆగస్టులో సవరించిన హామీలు చూడండి. 2030 నాటికి ఉద్గారాల తీవ్రతను, అంటే జీడీపీలో ప్రతి రూపాయికీ వదిలే ఉద్గారాలను, 2005తో పోలిస్తే 45 శాతం తగ్గిస్తామన్నాం. విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతర వనరుల నుంచి తెస్తామన్నాం. అడవులు, చెట్ల ద్వారా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను అదనంగా పట్టి ఉంచుతామని 2015లో చెప్పిన మాటను అప్పుడు అలాగే ఉంచాం. 2008 నాటి జాతీయ కార్యాచరణ ప్రణాళికలోని ఎనిమిది మిషన్లలో హిమాలయాలకు ఒకటి దక్కింది. సముద్రానికి దక్కలేదు. తీరానికంటూ ఒకటి తర్వాతెప్పుడో వచ్చి చేరింది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు నాలుగో వంతునూ, భూమి మీద పోగైన అదనపు వేడిలో తొంభై శాతానికి పైగానూ మింగుతున్నది ఆ సముద్రమే.

సముద్రం అసలే లెక్కలో లేదని కాదు. ఆటుపోట్ల నీటిలో పెరిగే మడ అడవుల రూపంలో కొంత ఉంది. నా అభ్యంతరమల్లా వాటిని కొలిచే తీరు మీదే.

రెండేళ్ల కిందట కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవుల్లో పడవ ఎక్కాను. ఆటుకు నీళ్లు తీసేసిన వేళ. గట్టున మేకులు దిగ్గొట్టినట్టు మడ చెట్ల ఊపిరి వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. పాయ మలుపులో పడవ బురదకు ఆనుకుంటే, నడిపే పెద్దాయన వెదురు గెడను బురదలోకి దించి తోయబోయాడు. గెడ దిగుతూనే ఉంది. ఆయన నడుం ఎత్తు దిగాక ఆపేశాడు. "అడుగు తగలదా బాబాయ్?" అంటే, "ఇక్కడ అడుగెక్కడుందండీ, ఎంత దింపితే అంత దిగిపోద్ది" అన్నాడు. గెడ పైకి లాగగానే కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. కిందటి బురదకు గాలి తగలడం లేదనడానికి ఆ వాసనే సాక్ష్యం. గాలి లేదు కాబట్టే రాలిన ఆకూ చచ్చిన వేరూ పూర్తిగా కుళ్లవు. వాటిలోని కార్బన్ ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతుంది. మడ అడవి సొమ్మంతా కొమ్మల్లో కాదు, ఆ బురదలోనే ఉంది.

మన అటవీ సర్వే నివేదికలు కార్బన్ లెక్క కట్టేటప్పుడు నేలను 30 సెంటీమీటర్ల లోతు వరకే చూస్తాయి. టేకు అడవికో, అనంతపురం గుట్టల మీది పొదలకో ఆ లోతు సరిపోతుందేమో. మడ అడవిలో అది గెడకు అంటిన మొదటి జానెడు తడి. ఇండో పసిఫిక్ మడ అడవులను లోతుగా తవ్వి చూసిన 2011 నాటి అధ్యయనం హెక్టారుకు సగటున 1,023 టన్నుల కార్బన్ ఉందని తేల్చింది. మన దగ్గర అందులో సగమే ఉందనుకుని కాగితం మీద వేసి చూశాను. దేశంలో ఉన్న 4,992 చదరపు కిలోమీటర్లకు అది 90 కోట్ల టన్నులకు పైబడ్డ కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. అడవుల మీద మనం ఇచ్చిన హామీలో దాదాపు మూడో వంతు. ఇది కొత్తగా సంపాదించేది కాదు, ఉన్న నిల్వ. ఏటా మడ అడవులు పీల్చేది దేశ ఉద్గారాల ముందు చాలా చిన్న మొత్తం. అందుకే ఇక్కడ నాటడం కంటే కాపాడుకోవడం పెద్ద పని.

మన విధానం నాటడం వైపే మొగ్గుతోంది. 2023లో మొదలైన, మడ అడవులు పెంచే కేంద్ర పథకం మిష్టి లక్ష్యం ఐదేళ్లలో 540 చదరపు కిలోమీటర్లు. మంచిదే. అయితే అడవి ఎక్కడ పోయింది, ఎక్కడ పెరిగింది అని విడదీయకుండా నికరం చెబితే విషయం మరుగున పడిపోతుంది. 2023 సర్వేలో దేశం మొత్తం మీద తగ్గింది ఏడున్నర చదరపు కిలోమీటర్లే. లోపలికి వెళ్తే గుజరాత్‌లో 36 తగ్గాయి, ఆంధ్రప్రదేశ్‌లో 13 పెరిగాయి. కొట్టేసిన పాత అడవి కింద ఎన్నేళ్ల బురద ఉందో, కొత్తగా పెరిగిన మొక్కల కింద ఎంత ఉందో ఈ తీసివేతలో కనపడదు. రొయ్యల చెరువు కోసం మడ నేలను తవ్వి గట్టు పోసినప్పుడు లోపలి బురద ఎండకెక్కి, అందులోని కార్బన్ గాలిలో కలుస్తుంది. ఆ ఖర్చు ఏ పద్దులోనూ పడదు. ఆదివారం రాంనగర్ మార్కెట్‌లో రొయ్యల బేరమాడే మనమూ ఆ లెక్కలో ఉన్నవాళ్లమే.

నాటడంలోనూ చెట్టు కంటే నీటికే ముందు చోటివ్వాలి. మడ అడవి పోయిన చోట నేల పళ్లెంలా కుంగుతుంది. పోటు నీళ్లు వచ్చి నిలిచిపోతాయి, ఎండకు ఇంకి ఉప్పు మిగులుతుంది. అక్కడ లక్ష మొక్కలు పెట్టినా మాడిపోతాయి. కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో అటవీ శాఖ, స్వామినాథన్ ఫౌండేషన్ చేసిన పని చాలా తెలివైనది. మధ్యలో ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్న కాలువలు, అచ్చం చేప ముల్లులా తవ్వారు. ఆటుపోట్ల నీరు వచ్చిపోతూ ఉప్పును కడిగేశాక మొక్కలు నిలిచాయి. నాటిన మొక్కల సంఖ్యను కాకుండా తిరిగి నీళ్లాడిన నేలను లెక్కపెట్టే పథకం వస్తే ఇలాంటి పనికి డబ్బు దొరుకుతుంది.

సముద్రం పేరిట వచ్చే ప్రతి పరిష్కారానికీ తలూపమని నేననను. 2009లో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, జర్మనీ శాస్త్రవేత్తలు కలిసి దక్షిణ మహాసముద్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర ఇనుము కలిపి చూశారు. లోహాఫెక్స్ అన్నారు దాన్ని. సూక్ష్మ మొక్కలు పెరిగి, కార్బన్‌ను పట్టుకుని అడుగుకు చేరతాయని ఆశ. మొక్కలు పెరిగాయి. కోపెపాడ్‌లనే నలుసంత జీవులు వచ్చి వాటిని మేసేశాయి. ఆ నీళ్లలో సిలికా తక్కువ కావడంతో సిలికా పెంకుతో బరువుగా ఉండే డయాటమ్‌లనే సూక్ష్మ మొక్కలు పెరగలేదు. అడుగుకు చేరింది కొద్దిగానే. ఇలా సముద్రంలో ఏదో ఒకటి పోసి కార్బన్ క్రెడిట్లు అమ్ముతామనేవాళ్లు మళ్లీ బయల్దేరారు కాబట్టి, మన శాస్త్రవేత్తలు తెచ్చుకున్న ఈ అనుభవం ఢిల్లీలో ఎవరికైనా గుర్తుంటే బాగుండు.

సముద్రంలో పెట్టే గాలిమరల సంగతికొస్తే, 2024 జూన్‌లో కేంద్రం 7,453 కోట్లతో 1,000 మెగావాట్లకు సాయం ప్రకటించింది. సగం గుజరాత్‌కు, సగం తమిళనాడుకు. ఆంధ్ర తీరం వంతు రాలేదు. ఓడలది ఇంకో చిక్కు. విశాఖలో విదేశానికి బయల్దేరే ఓడ నింపుకున్న ఇంధనం ఏ దేశ హామీలోకీ రాదు. అంతర్జాతీయ సముద్రయాన సంస్థలో 2025 ఏప్రిల్‌లో ఓడల ఉద్గారాలకు రుసుము పెట్టే ముసాయిదాకు భారత్ ఓటేసింది. అక్టోబరులో అది ఏడాది వాయిదా పడింది. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఏఎం గ్రీన్ కాకినాడలో గ్రీన్ అమ్మోనియా తయారీకి దిగింది. రేపటి ఓడలకు ఇంధనం అవుతుందనుకుంటున్న సరుకు అది. ఆ వాయిదా మనకు పరాయి సంగతేమీ కాదు.

ఇవన్నీ ఒక్క చేతిలో లేవు. సముద్రం భూ విజ్ఞాన శాఖది, మడ అడవి పర్యావరణ శాఖది, ఓడ రేవుల శాఖది, గాలిమర నూతన ఇంధన శాఖది, చేప మత్స్య శాఖది. పొత్తుల వంటలో ఉప్పు వేసే బాధ్యత ఎవరిదో తేలనట్టే ఉంది వ్యవహారం.

అడిగేది పెద్దదేమీ కాదు. చిత్తడి నేలల కార్బన్‌ను ఎలా లెక్కించాలో ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రవేత్తల బృందం ఐపీసీసీ 2013లోనే పద్ధతి రాసి పెట్టింది. బాలానగర్ చిత్రాలు ఉన్నాయి, ప్రగతినగర్ సముద్ర సమాచారం ఉంది. గొట్టాలు దింపి నిలువు బురద తీసే పని మిగిలింది. తర్వాతి హామీలో మడ నేలకు విడిగా ఒక వరుస, ఆ వరుసలో వచ్చినదానికో గడి, పోయినదానికో గడి. పోయినదాని కింద మొదటి పేరు కోసం వెతుక్కోనక్కర్లేదు. 2020లో ఇళ్ల స్థలాల కోసం మడ అడవిని చదును చేశారని హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లిన కాకినాడ దుమ్ములపేట ఉంది.