ఇక్కడ పుట్టిన కారుకి ఇక్కడే దిక్కు లేదు

స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుంచి తయారైంది మన చెన్నై శివార్లలో, వండలూరు దగ్గరే. ఇప్పుడు దాని టెయిల్ ల్యాంప్ అద్దం ఒక్కటి కావాలన్నా ఊరంతా గాలించాలి! చెన్నైలో పాత కార్ల విడిభాగాలు అమ్మే పుదుపేటలో ఒకాయన "ఒరిజినలే సార్" అని చేతిలో పెట్టిన డోర్ బీడింగ్, అదే తలుపు అంచు రబ్బరు పట్టీ, మొదటి వానకే వదులైపోయింది. నీళ్లు తలుపులోకి దిగి, అడుగున రేకు పొక్కులు కట్టి, గోటితో గీకితే రాలుతోంది. డూప్లికేట్ అని చెప్పి అమ్మితే తక్కువ ధరకి తెలిసే కొనుక్కుంటాం. పాత డబ్బాలో కొత్త సరుకు పెట్టి అమ్మడం పచ్చి మోసం.

ఇంకా కడుపు మండేది తుక్కువాళ్ల తొందర చూస్తే. మడ్‌గార్డులతో సహా ముందుకి వాలే ఆ బానెట్, దాని కీళ్లు, క్రోమ్ హ్యాండిళ్లు, అన్నీ ఇనుము లెక్కన తూకానికేనా? నలగ్గొట్టే ముందు కాస్త విప్పి పక్కన పెట్టండయ్యా, అడిగినంత ఇచ్చి పట్టుకెళ్తాం!